ఏడు కుండలకు ఒక చెట్టు

సంక్రాంతి వెళ్ళినా చలి తగ్గని ఒక పొద్దున మా అబ్బాయి వంటింట్లోంచి కేకేశాడు. "అమ్మా, ఈ కూల్‌డ్రింకు సీసాలో నెయ్యి ఎవరు పోశారు? పాడైపోయినట్టుంది, పారేయనా?"

చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. సీసా అడుగున నాలుగు వేళ్ళ మందాన, వెన్నలా పసుపుగా పేరుకుని ఉంది. నెయ్యి కాదది, ఇప్పనూనె. చలికి గడ్డకట్టడం దాని గుణం. పెద్దమ్మ పెద్దకర్మకి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంట్లో సజ్జ మీద, పాత చీర చుట్టి దాచిపెట్టిన సీసా దొరికింది. ఎవరూ అడగలేదు. నేనే సంచిలో వేసుకుని ఖమ్మం తెచ్చుకున్నాను. తెచ్చి, ముట్టుకోకుండా గట్టు మూలన పెట్టేశాను.

సీసాని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, కాస్త కరిగాక మూత తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాను. వాడు మొహం తిప్పుకున్నాడు. నిజమే, కొత్త ముక్కుకి అది మంచి వాసన కాదు. ఏడాది దాటిన నూనె కూడాను. పొగ, తడిసిన చెక్క, ఎక్కడో అడుగున ఒక తీపి. ఆ అడుగు వాసన అందగానే నాకు మా అమ్మమ్మ వాకిలి, వానకి నల్లబడ్డ వేపచెట్టు, దాని మొదట్లో కట్టిన దుంగ, దుంగ చివర బరువు కోసం వరసగా కూర్చోబెట్టిన ఆరుగురు పిల్లలు కనిపించారు. అందులో చివరిదాన్ని నేను. ఆ రోజు ఆఫీసుకి అరగంట ఆలస్యమైంది.

*

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వేలేరుపాడు దాటాక, గోదావరి ఒడ్డున. అప్పట్లో ఖమ్మం జిల్లా. 2014లో ఏడు మండలాలని ఆంధ్రలో కలిపినప్పుడు అటు వెళ్ళిపోయింది. అశ్వారావుపేటలో బస్సెక్కి, దిగాక మళ్ళీ నడక. యాభై ఇళ్ళకి మించవు. ముప్పాతిక ఇళ్ళు కోయవాళ్ళవి. కుమ్మరిల్లు ఒక్కటే, అది మాది. మా అమ్మకి నా తర్వాత వరసగా ఇద్దరు పుట్టడంతో, నన్ను అమ్మమ్మ దగ్గర దింపేశారు. ఐదో తరగతి దాకా అక్కడే పెరిగాను.

కుమ్మరికి అడవిలో చెట్టు ఉండదు. ఈ మాట అర్థం కావాలంటే అక్కడి పద్ధతి తెలియాలి. ఇప్పచెట్లకి పట్టాలు లేవు, కంచెలు లేవు. కానీ ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్ళో పసిపిల్లని అడిగినా చెప్తుంది. తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి. చెట్టు ఇంకొకరి చేలో ఉన్నా సరే, పువ్వూ కాయా చెట్టు ఇంటివాళ్ళవే. ఒకరి చెట్టు కింద మరొకరు దోసెడు పువ్వు ఏరితే పంచాయితీ దాకా పోయేది.

మరి మా ఇంట్లో ఇప్పనూనె ఎలా వచ్చిందంటే, మా తాతకీ ఒక ముసలి దొరకీ కుదిరిన మాట వల్ల. (మా తాత కోయ పెద్దల్ని "దొరా" అనే పిలిచేవాడు, ఆ చుట్టుపక్కల అందరూ అంతే. చదువుకోవడానికి మైదానానికి వచ్చాక పుస్తకాల్లో వేరే దొరలు తగిలారు. మా ఊరి దొర మా అరుగు మీద గొంతుక్కూచుని, మా తాత చుట్టలోంచి సగం తుంచి ఇమ్మని అడిగేవాడు.) ఆ దొరకి పోడు అంచున మూడు ఇప్పచెట్లు. వాటిలో వాగు వైపు చెట్టు కింద పువ్వూ కాయా మేం ఏరుకోవచ్చు. బదులుగా ఏడాదికి ఏడు కుండలు. అన్నానికి ఒకటి, కూరకి చట్టి, నీళ్ళకి రెండు, గంజికి ఒకటి. మిగిలిన రెండూ దేనికో పెద్దవాళ్ళు మా ముందు చెప్పేవాళ్ళు కాదు. పువ్వు ఊరేసి సారా దించడానికని పెద్దయ్యాక తెలిసింది.

కాగితం లేదు, సాక్షి లేడు. మా తాత తండ్రి కాలం నుంచి నడుస్తున్న లెక్క అది. ఒక ఏడాది ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో, చాలా కుండలు పగుళ్ళిచ్చి ఐదే ఇవ్వగలిగాడు తాత. పై ఏడాది తొమ్మిది ఇచ్చాడు. ఎవరూ అడగలేదు, ఆయన మర్చిపోలేదు.

*

మాఘం వెళ్ళేసరికి ఇప్పచెట్టు ఆకంతా రాల్చేసి కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గ తొడిగేది. చెట్టు కింద ఆకు తీసేయకపోతే రాలిన పువ్వు కనపడదు. చాలామంది నిప్పంటించేవాళ్ళు. అమ్మమ్మ మాత్రం వెదురు పుల్లల చీపురుతో ఊడ్చేది. "నిప్పుకి కళ్ళుండవు, నా చెట్టేదో పక్కోడి చెట్టేదో దానికి తెలవదు" అనేది.

ఊళ్ళో పండగ చేసి అమ్మవారికి పెట్టేదాకా కొత్త పువ్వు ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ఆ తర్వాత నెల రోజులు నిద్ర లేదు. పువ్వు తెల్లారగట్ల రాలుతుంది, పొద్దెక్కేలోపు ఏరాలి. చీకట్లో బుట్టలు పట్టుకుని బయల్దేరేవాళ్ళం. పెద్దమ్మ ముందు, అమ్మమ్మ వెనక, మధ్యలో నేను. అమ్మమ్మ చేతిలో రెండు కుండ పెంకులుండేవి, వాటిని కొట్టుకుంటూ నడిచేది. గుడ్డేలుగులకి ఇప్పపువ్వంటే ప్రాణం. వాటిని ఉలికిపడేలా చెయ్యకూడదట, ముందే వినపడేలా వెళ్ళాలట. చెట్టు దగ్గరపడగానే అమ్మమ్మ ఎవరో చుట్టాన్ని లేపినట్టు గొంతెత్తి అనేది: "లేవయ్యా, మేమొచ్చాం. నువ్వు తిన్నది చాలుగానీ."

ఎలుగుని నేను ఒక్కసారే చూశాను. చూశానో, చీకట్లో పొదని చూశానో ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ నేల మీద దాని వాటా రోజూ కనిపించేది, ఒక పక్కంతా తొక్కేసి, నాకేసి. అటువైపు పువ్వు అమ్మమ్మ ఏరేది కాదు.

పువ్వు రాలడం ఒక్కటే చాలు, చెవుల్లో ఉండిపోవడానికి. వాన కాదు, చినుకు కాదు. టప్. కాసేపటికి ఇంకెక్కడో టప్. లేతపసుపు రంగులో, కండ పట్టి, లోపల డొల్లగా, తేనె నింపిన చిన్న గిన్నెలా ఉంటుంది. మేం ఇంత పువ్వు ఏరుకుంటే మళ్ళీ కాయ ఎక్కణ్ణించి వస్తుందని అడిగాను ఒకసారి. పెద్దమ్మ ఒక గుత్తి వంచి చూపించింది. రాలేది ఆ రేకుల గిన్నె మాత్రమే. పిందె కొమ్మకే ఉండిపోతుంది, సూది లాంటి తోకతో. పువ్వు మనకిచ్చి కాయ దాచుకుంటుంది చెట్టు, మళ్ళీ మూడు నెలలకి అదీ ఇస్తుంది. అలా రెండుసార్లు పెట్టే చెట్టు ఇంకోటి నాకు తెలీదు.

*

కాయ పండేది జ్యేష్ఠం చివర, తొలివానలతో. ఆకుపచ్చగా, కోలగా ఉంటుంది. పండితే మెత్తబడి కొద్దిగా పసుపు తిరుగుతుంది. గుజ్జు తియ్యగా ఉంటుంది గానీ నాలుకకి బంక. మాకన్నా ముందు దాన్ని తినేది గబ్బిలాలు. రాత్రంతా చెట్టు మీద ఒకటే గోల. గుజ్జు తిని గింజ పారేస్తాయి. దాంతో మాకు పని తగ్గేది. కాయ చిదిమి గింజ తీసే పని లేకుండా, శుభ్రంగా నాకిన గింజలు నేల మీద మెరుస్తూ ఉండేవి. గబ్బిలాలు వేలాడే మర్రిచెట్టు కింద కూడా గింజలు పడేవి. ఆ మర్రి ఎవరిదీ కాదు గనక అక్కడివి ముందు చేరిన పిల్లలవి. నేను రోజూ రెండో దాన్నే. మొదటివాడు ముసలి దొర మనవడు. వాడికి నిద్ర పట్టదో ఏమో.

గింజ గోధుమరంగులో, బొటనవేలు మొదటి కణుపంత పొడుగు, అచ్చం నూనె రాసి తుడిచినట్టు నున్నగా ఉంటుంది. రాతి మీద పెట్టి చిన్న చెక్కతో నొక్కితే పెంకు చిట్లి రెండు బద్దలు బయటపడతాయి. దాన్నే పలుకు అనేవాళ్ళం. కొట్టకూడదు, నొక్కాలి. కొడితే పలుకు నలిగి పెంకు ముక్కలు కలిసిపోతాయి. అరుగు మీద మధ్యాహ్నాలన్నీ ఈ చప్పుడే. పలుకు చూడ్డానికి జీడిపప్పులా ముద్దొస్తుంది, నోట్లో పెడితే చేదు. కొత్తగా వచ్చిన చుట్టాల పిల్లల చేత తినిపించడం మాకు వేడుక.

అసలు తంటా ఎండబెట్టడంతో. పలుకు ఎండాలి, చూస్తే వానలు మొదలు. తడి ఆరకపోతే బూజు పడుతుంది, బూజు పట్టిన పలుకు నూనె కుండంతా చేదు చేస్తుంది. వాకిట్లో చాపల మీద పోసి, మబ్బు కమ్మగానే లోపలికి, తెరిపి రాగానే బయటికి. రోజుకి ఐదారుసార్లు. బడి నుంచి వస్తుంటే చినుకు పడితే చాలు, పుస్తకాలు తడుస్తాయని కాదు, పలుకు తడుస్తుందని పరుగెత్తేదాన్ని. చివరికి అన్నిటినీ పొయ్యి మీద అటక ఎక్కించేది అమ్మమ్మ. అక్కడ పొగకి నెలరోజులు కూర్చుని చేత్తో విరిస్తే టక్కుమనేలా అయ్యేవి. ఆ నూనెలో పొగ వాసన అందుకే.

*

వానాకాలం కుమ్మరి సారె తిరగదు. మట్టి ఆరదు, ఆము కాలదు. అందుకని తాత చేతులు ఖాళీగా ఉండేవి. నూనె తీసే రోజు ఆయనకి పండగ. అప్పటిదాకా ఆడవాళ్ళ పని, ఆ ఒక్క రోజూ మాత్రం ఆయన పెత్తనం.

పలుకుని రోట్లో వేసి అమ్మమ్మా పెద్దమ్మా ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్ళతో దంచేవాళ్ళు. ఒక రోకలి లేస్తుంటే ఒకటి దిగాలి. లయ తప్పితే రోకళ్ళు ఢీకొంటాయి, తిట్లూ ఢీకొంటాయి. మొదట పొడి అయ్యేది, తర్వాత పొడి కాస్తా ముద్దకట్టి రోకలికి అంటుకునేది. దాన్ని ఆల్చిప్పతో గోకడం నా పని. వడ్లు దంచడం కన్నా ఇది కష్టం. వడ్లు రోకలిని వదిలేస్తాయి, ఇది పట్టుకుంటుంది. పెద్దమ్మ అరచేతుల్లో బొబ్బలు పగిలి రోకలికి రక్తం అంటడం నేను చూశాను. ఆ రోజుల్ని తలుచుకుని "ఎంత స్వచ్ఛమైన నూనె" అని మురిసిపోయేవాళ్ళకి ఆ రోకలి ఒకసారి చేతికివ్వాలి.

దంచిన ముద్దకి ఆవిరి పట్టాలి. దీనికోసమే తాత ఒక కుండ చేశాడు. పచ్చిగా ఉండగానే అడుగున పుల్లతో చిల్లులు పొడిచి కాల్చిన కుండ. కింది కుండలో సగానికి నీళ్ళు, పైన చిల్లుల కుండ, అడుగున కాస్త గడ్డి, దాని మీద పిండి. రెండు కుండల మధ్య సందుకి బంకమట్టి. కాసేపటికి ఇల్లంతా ఆ వాసనే. పెద్దమ్మ మధ్యమధ్యలో గుప్పెడు తీసి గట్టిగా పిడికిలి బిగించేది. వేళ్ళ సందుల్లో మెరుపు కనిపించిందా, అయినట్టు. కనిపించకపోతే ఇంకో రెండు కట్టెలు.

ఆపైన అంతా తొందర. చల్లారితే నూనె దిగదు. వేడివేడి పిండిని అడ్డ అనే అడవితీగ నారతో అల్లిన సంచిలో కుక్కి, మూతి బిగించి, మాను దగ్గరికి పరుగు. గానుగ కాదు, తిరగలి కాదు, దానికో పేరే లేదు, ఉత్త "మాను" అనేవాళ్ళం. రెండు నల్లమద్ది దుంగలు, లోపలి వైపులు చదునుగా చెక్కినవి. ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక కొసని వేపచెట్టు మొదలుకి అడ్డతీగతో బిగించి కట్టేవాళ్ళు. కింది దుంగ మీద ఒక గాడి, గాడి చివర కుండ. సంచిని ఆ కట్టుకి దగ్గరగా దుంగల మధ్య ఇరికించి, రెండో కొసని కిందికి నొక్కాలి. ముందు తాత దాన్ని పట్టుకుని వేలాడేవాడు. ఆ తర్వాత రాళ్ళు కట్టేవాడు. ఆఖరికి, "ఏరీ కోతులు?" అని అరిచేవాడు.

కోతులు అప్పటికే వరసలో ఉండేవి. నేను, మా అన్న, నలుగురు కోయపిల్లలు. దుంగ చివర ఒకరి వెనక ఒకరం గుర్రం ఎక్కినట్టు ఎక్కేవాళ్ళం. కదలకూడదు, నవ్వకూడదు. ఆ వయసులో ఆరుగురికి ఒకేసారి నవ్వకూడదని చెప్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దుంగ కిర్రుమని మూలిగేది. సంచి ముందు బుసబుసమని ఆవిరి వదిలేది. అందరూ గాడి కేసి చూస్తూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఒక మెరిసే గీత గాడిలో కదిలి, అంచు దాకా వచ్చి, ఆగి, ఉబ్బి, కుండలో పడేది. ఆ మొదటి బొట్టు చప్పుడికి అమ్మమ్మ "దిగిందమ్మా" అనేది. ఆ మాట అయ్యాక నవ్వొచ్చు.

ఒకసారితో అయిపోదు. సంచి విప్పి, చెక్కలా బిగుసుకున్న పిండిని మళ్ళీ దంచి, మళ్ళీ ఆవిరి పట్టి, మళ్ళీ మాను కింద. రెండోసారి నూనె కాస్త నల్లగా వచ్చేది. అది దీపాలకి, ఒంటికి. కుంచెడు పలుకుకి అరమానిక దిగితే సంతోషం. అంతకన్నా ఎక్కువ దిగిన ఏడు తాత "చెట్టు మనసు పెట్టింది" అనేవాడు.

నూనె కుండ సంగతి చెప్పి తీరాలి, కుమ్మరి మనవరాల్ని గనక. కొత్త కుండ నూనె తాగేస్తుంది. సోలెడు పోస్తే పొద్దునకి కుండ బయటంతా జిడ్డు, లోపల సగం. అందుకని తాత ముందు ఆ కుండలో చిక్కటి గంజి కాచి పోసి, రెండు రోజులుంచి, ఒంపి, ఎండలో ఆరబెట్టేవాడు. ఇలా మూడుసార్లు. అప్పుడు దాని నోరు మూతపడేది. మా ఇంటి నూనె కుండ అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పటిది, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. తాత ఎన్ని కుండలు చేసినా ఆ కుండని మార్చనివ్వలేదు ఆవిడ.

మొదటి నూనె ముత్యాలమ్మ దగ్గర దీపానికి. తర్వాత ఒక సోల ముసలి దొర ఇంటికి. ఒప్పందంలో లేదది. అమ్మమ్మ పంపేది, అంతే. ఖాళీ గిన్నె తిరిగొచ్చేటప్పుడు అందులో నాలుగు సీతాఫలాలో, గుప్పెడు సారపప్పో ఉండేవి.

మా నాన్న వైపు నాయనమ్మది ఇంకో లోకం. ఖమ్మం దగ్గర మెట్ట ఊరు. ఆవిడ ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళు పోసి ఉడికించి, పైకి తేలిన నూనెని గరిటెతో తోడేది. వంటాముదం. పసిపిల్లల మాడుకి అదే. ఇద్దరు ముసలమ్మలు నా ఓణీల ఫంక్షన్‌కి కలిసినప్పుడు ఏదో మాట మీద మాట వచ్చి, "నీళ్ళల్లో ఉడికిచ్చేది నూనెంటారా వదినా, పులుసంటారు గానీ" అంది అమ్మమ్మ. "అవున్లే, మీదైతే పిల్లల పిర్రల కింద పిండిన నూనె కదా" అంది నాయనమ్మ. అక్కడున్న ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు.

*

పచ్చి ఇప్పనూనెతో నేరుగా వండితే నోరంతా వగరు. బాండీలో కాచి, చింతపండు రెబ్బ ఒకటి వేసి, నురగ పొంగి అణిగేదాకా ఉంచి, నల్లబడ్డ రెబ్బని తీసి పారేసేది అమ్మమ్మ. ఆ తర్వాత దేనికైనా పనికొచ్చేది. వానాకాలం వెదురు కొమ్ములు కోసి, సన్నగా తరిగి, ఉడికించి వార్చి, ఎండుమిర్చి, వెల్లుల్లితో ఆ నూనెలో వేయించేది. గోదారి చేప ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి అదే నూనె. మెతుకు మెతుకుకీ అంటుకుని, పెదాల మీద పొరలా నిలబడేది. చలికాలం అన్నం చల్లారితే కూర పైన తెల్లగా పేరుకునేది కూడా. అందుకే ఇప్పనూనె కూర తినేటప్పుడు కబుర్లు చెప్పకూడదని తాత నియమం. ఆయన తప్ప అందరూ పాటించేవాళ్ళు.

పిండి చెక్క కూడా పారేసేవాళ్ళు కాదు. గేదెలకి మాత్రం పెట్టకూడదు, అది వాటికి విషం. నానబెట్టి తలకి రుద్దుకుంటే కుంకుడు రసంలా నురగ. వేసవిలో వాగు ఆగిపోయి మడుగులు మిగిలినప్పుడు, చెక్క నలిపి నీళ్ళలో కలిపేవాళ్ళు. కాసేపటికి చేపలు మత్తెక్కినట్టు తేలి వచ్చేవి. చేత్తో ఏరుకోవడమే. వరిమడికి కొంత. మిగిలింది సాయంత్రం నిప్పుల మీద వేసి పొగ పెట్టేవాళ్ళు, పాములు రావని. రాలేదో, వచ్చి మాకు కనపడకుండా పోయాయో నాకు తెలీదు. దోమలు మాత్రం తగ్గేవి.

*

1986 వరద మా ఊళ్ళో ఇప్పటికీ ఒక కొలత. "ఎనభయ్యారు ముందు పుట్టాడు", "ఎనభయ్యారుకి నిశ్చితార్థం" అంటారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని తర్వాత చదివాను. మాకు ఆ అంకెలు తెలీవు. మాకు తెలిసింది వాగు ఎగపోటు. గోదారి వాగుని వెనక్కి తోసింది. వాగు నీళ్ళు ఎదురు నడిచి ఊళ్ళోకి వచ్చాయి, అదీ రాత్రిపూట.

అందరం గుట్టెక్కాం. తాత సారెని మోయలేక వాకిట్లోనే వదిలేసి, బియ్యం మూట భుజాన వేసుకున్నాడు. పెద్దమ్మ చంటిపిల్లని ఎత్తుకుంది. అమ్మమ్మ తల మీద ఏముందో చీకట్లో నాకు తెలీలేదు. పైకెక్కి దించాక చూస్తే నూనె కుండ. నూనె తీసి అప్పటికి వారం కాలేదు, కుండ నిండా ఉంది. "బంగారం ఉన్నట్టు మోసుకొచ్చావే" అని తాత విసుక్కున్నాడు. ఆ మూడు రాత్రులు గుట్ట మీద వానలో, రాతి కింద, ఊరందరికీ వెలిగిన దీపాలు ఆ కుండలోవే. కోయవాళ్ళు దుంపలు తెచ్చారు, మా బియ్యం ఉడికాయి, ఆ నూనెలోనే తాలింపు. తాత తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీళ్ళు తీశాక చూస్తే ఇంటి గోడలు లేవు. వేపచెట్టు ఉంది, మాను లేదు. నాలుగు రోజులకి దిగువ ఊరినుంచి కబురొచ్చింది, ఒక జిడ్డు దుంగ చింతచెట్టు పంగలో ఇరుక్కుందని, అది కుమ్మరోళ్ళదే అయ్యుంటుందని. వాసన చూసి గుర్తుపట్టారట. తాతా, మా అన్నా వెళ్ళి పడవలో వేసుకొచ్చారు. పై దుంగ మాత్రమే. కింది దుంగ గోదారి ఉంచుకుంది.

*

ఆ తర్వాత నూనె తియ్యడం ఎప్పుడు తగ్గిందో గీత గీసి చెప్పలేను. రేషన్ షాపులో పామాయిల్ ఇవ్వడం మొదలైంది. పలుకుని గిరిజన సహకార సంస్థ డిపోలో తూకానికి వేస్తే డబ్బులొచ్చేవి. మేం అమ్మిన పలుకు ఎక్కడో సబ్బవుతుందని, మేం కొనే నూనె ఓడల్లో వస్తుందని అప్పుడు మాకు తట్టలేదు. అందరికన్నా ముందు "ఇంక దంచను" అన్నది పెద్దమ్మే. ఆవిడ చేతులు చూసినవాళ్ళెవరూ కాదనలేకపోయారు. అమ్మమ్మ రెండేళ్ళు ఒక్కతే కొద్దికొద్దిగా తీసింది, దేవుడి దీపానికి. తర్వాత ఆవిడా పోయింది. తాత అంతకు ముందే. కుండల స్థానంలో స్టీలు గిన్నెలొచ్చాయి. అయినా మా మామయ్య ఏడాదికి ఏడు కుండలూ చేసి దొర కొడుక్కి పంపేవాడు. వాళ్ళు వాటిని ఏం చేసుకునేవాళ్ళో గానీ, వద్దనలేదు.

పోలవరం ముంపు లెక్కలు రాయడానికి వచ్చినప్పుడు ఇల్లు రాశారు, వాకిలి రాశారు, బావి రాశారు. మామయ్య ఇప్పచెట్టు కూడా రాయమన్నాడట. "అది అడవి చెట్టు కదా, నీదెట్లయితది?" అని అడిగారట. ఏడు కుండల సంగతి చెప్పబోయి, చెప్తే తనకే నవ్వులాటగా ఉంటుందనిపించి ఊరుకున్నానన్నాడు. రాసేవాళ్ళ తప్పు కూడా లేదు. వాళ్ళ కాగితంలో ఆ గడి లేదు.

2022 జూలై వరద తర్వాత ఇంక ఉండలేక కదిలారు. కోయవాళ్ళకి ఏజెన్సీలోనే ఒకచోట కాలనీ. మా వాళ్ళు గిరిజనులు కారు గనక వేరే జాబితా, జంగారెడ్డిగూడెం వైపు వేరే కాలనీ. తాతల నాటి నుంచి ఒకరి వాకిట్లో ఒకరు కూర్చున్న ఇళ్ళు, బస్సు మారి వెళ్ళాల్సినంత దూరమయ్యాయి. కొత్త ఇల్లు బాగానే ఉంది, అబద్ధం చెప్పను. నల్లా, టైల్సు, సజ్జలు. పెద్దమ్మకి అక్కడ ఒక్కటే కష్టం. కిటికీలోంచి చూస్తే ఎదురింటి కిటికీ.

దంచనని ఒట్టు పెట్టుకున్న మనిషి, డెబ్బై దాటాక, జ్యేష్ఠం రాగానే సంచీ సర్దుకుని పాత ఊరికి బయల్దేరేది. కప్పు లేని ఇంట్లో టార్పాలిన్ కట్టుకుని వారం పది రోజులుండేది. తోడు దొర మనవడు, మర్రిచెట్టు కింద రోజూ నాకన్నా ముందు చేరినవాడు. ఇప్పుడు వాడి తల నెరిసింది, వాళ్ళ కాలనీ నుంచి వాడూ పశువుల్ని తోలుకుని వచ్చి ఉండేవాడు. ఇద్దరూ ఏరేవాళ్ళు. మాను లేదు. పెద్దమ్మ పలుకు దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలింది తోడేదట, అచ్చం మా నాయనమ్మ వంటాముదంలా. అమ్మమ్మ బతికుంటే ఏమనేదో.

"ఎందుకే పెద్దమ్మా ఈ వయసులో? సీసాలు పంపిస్తాను కదా" అని ఫోన్లో కోప్పడ్డాను ఒకసారి.

"నూనెకా నేనెళ్ళేది?" అంది. తర్వాత ఏదో చెప్పబోయి, "ఛార్జింగ్ అయిపోతుందే" అని పెట్టేసింది.

*

సీసాలో నూనె ఇంకా ఉంది. ఆ రోజు మా అబ్బాయి వెళ్ళాక, చింతపండు రెబ్బ వేసి రెండు చెంచాలు కాచాను. వంకాయ వేపుడు చేశాను. బాగా కుదరలేదు, పాత నూనె. పెదాల మీద ఆ పొర మాత్రం నిలబడింది. మా ఆయన "ఏం నూనె ఇది?" అని అడిగి, నా మొహం చూసి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మొన్న ఫాల్గుణంలో దొర మనవడు ఫోన్ చేశాడు. పెద్దమ్మ పోయిందని వాడికి ఆలస్యంగా తెలిసిందట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఊరి సంగతులు చెప్పాడు. తానూ పోయిన నెలే పశువుల్ని అమ్మేశాడట, మోకాళ్ళు బాగాలేవట, ఈ ఏడు ఒక్కసారే వెళ్ళి చూసొచ్చాడట. వాగు వైపు చెట్టు ఎప్పుడూ లేనంత పూసిందట. కింద అంగుళం మందాన పువ్వట, ఊడ్చినవాళ్ళు లేరు గనక ఆకుల మీదే పడుతోందట.

"ఎవరూ ఏరట్లేదా?" అన్నాను.

"ఎవరున్నారు? గుడ్డేలుగులు పొద్దెక్కినా పోవట్లేదు" అన్నాడు. "పెంకులు కొట్టేవాళ్ళు లేరుగా."